దోఫార్ దారి పట్టేముందు

మస్కట్‌లో ఎండలు మండిపోయే జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా ఒమన్ దక్షిణాన ఉన్న దోఫార్ తీరంలో తుంపర కురుస్తుంది. నైరుతి గాలులు తెచ్చిన తేమ కొండలకు తగిలి, అక్కడి సలాలా నగరం చుట్టుపక్కలంతా పచ్చబడుతుంది. ఆ పచ్చదనం కోసం గల్ఫ్‌లోని మనవాళ్లు ఎందరో పిల్లాపాపలతో కార్లలో బయల్దేరతారు. ఈ సంచికను ఆ ప్రయాణానికే కేటాయించాం.

మస్కట్ నుంచి సలాలా సుమారు 1,000 కిలోమీటర్లు. దారిలో ఎక్కువ భాగం ఎడారే. బంకు కనిపించినప్పుడల్లా ట్యాంకు నింపండి. తాగునీళ్లు అవసరానికి మించే పెట్టుకోండి. స్టెప్నీలో గాలి ఇంటి దగ్గరే చూసుకోండి. ఇసుకలో దిగబడితే టైర్లలో కొంత గాలి తీస్తేనే బండి కదులుతుంది. మళ్లీ రోడ్డెక్కగానే నింపడానికి చిన్న ఎయిర్ పంపు, గేజీ ఉండాలి. లాగడానికి గట్టి తాడు మరవకండి. సిగ్నల్ అందని చోట్ల కోసం మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

గల్ఫే కదా అని పలచటి బట్టలే సర్దితే కొండల మీది పొగమంచులో పిల్లలు వణికిపోతారు. స్వెట్టరు, రెయిన్‌కోటు, జారని చెప్పులు తప్పనిసరి. రోజూ వేసుకునే మందులు డాక్టరు చీటీతో సహా ఉండాలి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. 2022 జూలైలో సలాలా దగ్గరి ముగ్సైల్ తీరంలో భద్రతా కంచె దాటిన పర్యాటకులను అల లాగేసింది. వారిలో పిల్లలూ ఉన్నారు. ఈ తుంపర రోజుల్లో అక్కడి సముద్రాన్ని నమ్మకండి, కంచె ఇవతలే ఉండండి. పోలీసుల అత్యవసర నంబరు 9999 పిల్లలకూ నేర్పండి.

క్షేమంగా వెళ్లి లాభంగా రండి.

- సంపాదకుడు