సిగ్గు రక్షణ కాదు

2000 దశకపు తొలినాళ్లలో తెలుగునాట గోడలమీదను, దారిప్రక్క ఫలకములమీదను ఒక ప్రశ్న వెలసెను: పులిరాజాకు ఎయిడ్స్ వచ్చునా? జనులు నవ్విరి. అది నానుడియై నిలిచెను. పులిరాజాను గూర్చి ప్రశ్నించినవారు వేలకొలది. అదే ప్రశ్న తమ్ము తాము వేసికొన్నవా రెందరు? ఈ వ్యాధి బలమంతయు ఆ యడుగని ప్రశ్నలోనే యున్నది.

హెచ్.ఐ.వి. మన దేశమున తొలుత 1986లో మద్రాసున బయల్పడెను. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడెను. 2004 నుండి ప్రభుత్వాసుపత్రులలో మందు ఉచితముగ లభించుచున్నది. అయినను 2023 అంచనాల ప్రకారము దేశమున వయోజనులలో నూటికి 0.20 మందికి ఈ క్రిమి సోకియుండగా, తెలంగాణమున 0.44 మందికిని, ఆంధ్రప్రదేశమున 0.62 మందికిని సోకియున్నది. ఇది మందులేమి వలన గలిగిన దుఃస్థితి కాదు. మరి తెలియమి వలననా? 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో పురుషులలో నూటికి 82 మంది తొడుగు వాడిన ముప్పు తగ్గునని చెప్పిరి. తెలిసియు చేయరేల?

మనస్సు చేయు మోసములు మూడు. మొదటిది, ఆపద పరులదే యను భ్రమ. రెండవది, చూపునకు ఆరోగ్యముగ నున్నవారియందు రోగముండదను నమ్మకము. ఈ క్రిమి ఏండ్లతరబడి యే చిహ్నమును చూపక దేహమున నుండగలదు. ముఖము చూచి రక్తమును చదువగలవా రెవ్వరు? మూడవది, పగటి వివేకము రాత్రికి నిలువకపోవుట. మద్యము, మిత్రుల ప్రోద్బలము, ఒంటరితనము, ఆ క్షణపు వాంఛ ఇవి యన్నియు కూడినప్పుడు రేపటి భయము దూరపు కొండవలె కనబడును. ఈ మూడింటికిని పైన సిగ్గు కావలి కాయుచున్నది. తెలిసినవారి దుకాణమున తొడుగు నడుగుటకు సిగ్గు. పరీక్షకు పోయిన నలుగురు చూతురని సిగ్గు.

ఈ సిగ్గునే మన పెద్దలు కొందరు ధర్మమని పొగడుచున్నారు! 2009లో శ్రీ వెంకయ్యనాయుడుగారి యధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల సంఘము, పాఠశాలలలో లైంగిక విద్య మన సంస్కృతికి పొసగదని నివేదించెను. అయ్యా, గురువు నోరు మూసినంతమాత్రమున బాలుడు వినుట మానునా? గురువు చెప్పనిది సందులో తోటివాడు చెప్పును. చేతిలోని ఫోను చూపును. పై సర్వేలోనే హెచ్.ఐ.వి.ని గూర్చి సమగ్ర జ్ఞానము గలవారు పురుషులలో నూటికి 31 మందియు, స్త్రీలలో 22 మందియు మాత్రమే. మన మౌనమునకు దక్కిన ఫలమిది.

భయపెట్టి, బలవంతపెట్టి నివారింతమందురా? ఆ ప్రయోగమును తెల్లదొరలు చేసిచూచిరి. యాప్రాలుకు సమీపముననున్న సికింద్రాబాదు కంటోన్మెంటున పందొమ్మిదవ శతాబ్దమున లాక్ ఆసుపత్రి యుండెను. వేశ్యలను పట్టి పరీక్షించి నిర్బంధించిరి. సోల్జరును మాత్రము స్వేచ్ఛగ విడిచిరి. నిర్బంధమునకు వెరచి స్త్రీలు దాగిరి, సుఖవ్యాధులు తగ్గలేదు. 1868 నాటి అంటువ్యాధుల చట్టమును 1888లో రద్దుచేయక తప్పలేదు. దండనకు వెరచిన రోగి వైద్యుని యొద్దకు రాడు, చీకటికి పోవును. ఈ నీతిని గ్రహించియే మన 2017 నాటి చట్టము సమ్మతి లేని పరీక్షను, రోగిపట్ల వివక్షను నిషేధించినది.

నేడు యాప్రాలున క్రొత్త మేడలు లేచుచున్నవి. పనికై ఇల్లు విడిచి వచ్చిన యువకులును, మాజీ సైనికుల కుటుంబములును, కళాశాల విద్యార్థులును ఇచట కలిసి కాపురముండుచున్నారు. ఇట్టిచోట మనము కోరవలసినది నీతిబోధ కాదు. చక్కెర పరీక్షవలె ఈ పరీక్షయు బస్తీ దవాఖానాలో సామాన్యముగ, రహస్యముగ జరుగవలెను. తొడుగు అడుగకయే దొరకు చోట నుండవలెను. ఉన్నత పాఠశాలలో గురువు శాస్త్రము చెప్పుటతో సరిపుచ్చక, మద్యపు మత్తులోను మిత్రుల బలవంతములోను "వద్దు" అను మాట యెట్లు పలుకవలెనో నేర్పవలెను. క్రమముగ మందు సేవించి రక్తమున క్రిమి కనబడని స్థితిని నిలుపుకొన్నవారి నుండి సంపర్కమువలన ఇతరులకు సోకదను సత్యమును ఇంటింట చాటవలెను. ఈ మాట తెలిసిన రోగి దాగడు, తెలిసిన పొరుగువాడు వెలివేయడు.

మహాశయులారా! పఠనమందిరమున ఈ పత్రికను మడచి పెట్టకమునుపు మీ కుమారునితో ఈ విషయము నేనాడైన మాటలాడితిరా యని మిమ్ము మీరే యడుగుడు. లేదేని నేడు మాటలాడుడు. సిగ్గుపడవలసినది రోగమునకు కాదు, మన మౌనమునకు.