రన్నుల కుప్ప కాదు, తూకం చూడాలె

రంజీ సీజన్ ముగియడమే ఆలస్యం, 'ఈ ఏడాది మేటి జట్టు' అని పదకొండు పేర్లు అచ్చవుతాయి. ఆ జాబితా ఎట్ల తయారవుతుందో అందరికీ తెలిసిన ముచ్చటే. ఎక్కువ రన్నులు కొట్టిన ఆరుగురు, ఎక్కువ వికెట్లు తీసిన నలుగురు, ఒక కీపర్. పట్వారీ పహాణీ రాసినంత తేలిక. కానీ పహాణీలో ఉన్నది ఒకటి, పొలంలో ఉన్నది ఇంకొకటి అయితే నష్టపోయేదెవరో మన ఊళ్లల్లో ఎవరికీ చెప్పక్కర లేదు. క్రికెట్ లో కూడా అంతే. ఎవని మీద కొట్టిండు, ఏ గ్రౌండ్ లో కొట్టిండు, జట్టు ఏ స్థితిలో ఉన్నప్పుడు కొట్టిండు అని అడగని జాబితా ఉత్త కాగితం.

అందుకే 2024-25 రంజీ సీజన్ ను తీసుకుని మేం ఒక జట్టు కడుతున్నం. ప్రతి పేరుకూ కారణం చెబుతున్నం. ఒప్పుకోని వాళ్లు కారణంతోనే కొట్లాడవచ్చు.

మొదటి పేచీ ప్లేట్ గ్రూపుతో. ఆ సీజన్ లో 38 జట్లు ఆడితే, 32 జట్లు ఎలైట్ లో, మిగిలిన ఆరు ప్లేట్ లో ఉన్నాయి. 2024 నవంబర్ లో గోవా బ్యాట్స్ మెన్ స్నేహల్ కౌతంకర్, కశ్యప్ బాక్లే ఇద్దరూ ట్రిపుల్ సెంచరీలు కొట్టిండ్రు. విడిపోకుండా 606 రన్నులు జోడించిండ్రు. రంజీ చరిత్రలో అంత పెద్ద భాగస్వామ్యం ఇంకొకటి లేదు. కానీ ఎవరి మీద? మొదటి ఇన్నింగ్స్ లో 84కే కుప్పకూలిన అరుణాచల్ ప్రదేశ్ మీద. అంతకు ముందు 2018-19లో సిక్కిం తరఫున మిలింద్ కుమార్ 1331 రన్నులు చేసిండు. 1999-2000లో మన వీవీఎస్ లక్ష్మణ్ చేసిన 1415 రికార్డుకు 84 రన్నుల దూరంలో ఆగిండు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాస్తే దాదాపు సమానంగానే కనబడతాయి. కానీ లక్ష్మణ్ ఆ ఏడు బెంగళూరుకు పోయి, సెమీఫైనల్లో కర్ణాటక బౌలింగ్ మీద 353 కొట్టిండు. ఈ రెండింటిని ఒకే త్రాసులో పెడతమా?

అట్లని ప్లేట్ ఆటగాళ్లను చిన్నచూపు చూడమని మేం అనడం లేదు. వాళ్లకు ప్రత్యర్థిని ఎంచుకునే స్వేచ్ఛ లేదు. వాళ్ల రన్నులను కొట్టిపారేయొద్దు, నెత్తికెత్తుకోనూ వద్దు. వచ్చే ఏడాది పెద్ద గ్రూపులో ఏం చేస్తరో చూడాలె. ఈ సూత్రానికి మన ఇంట్లోనే రుజువు ఉంది.

2022-23లో ఎలైట్ నుంచి కిందికి జారిన హైదరాబాద్, 2023-24లో ప్లేట్ లో ఆడింది. 1937-38లో, 1986-87లో రంజీ గెలిచిన జట్టుకు పట్టిన గతి అది. ఆ ప్లేట్ సీజన్ లో, 2024 జనవరిలో, తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ మీద 366 కొట్టిండు. 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ, 26 సిక్సర్లు. దేశమంతా మోగిపోయింది. హైదరాబాద్ ప్లేట్ గెలిచి పైకి వచ్చింది. మరుసటి సీజన్ లో అదే తన్మయ్ ఎలైట్ బౌలింగ్ మీద 934 రన్నులు చేసిండు. గుజరాత్, విదర్భ ఉన్న గ్రూపులో చేసిండు. దీనికి మోత లేదు. మా లెక్కల 366 కన్నా ఈ 934 బరువైనది. మా జట్టులో మొదటి ఓపెనర్ తన్మయ్. మనోడని కాదు, లెక్క తప్పదు కనుక.

రెండో పేచీ మ్యాచ్ ల సంఖ్యతో. ఫైనల్ దాకా పోయిన జట్టు పది మ్యాచ్ లు ఆడుతుంది. లీగ్ లోనే ఆగిపోయిన జట్టుకు ఏడు మాత్రమే. ఆ సీజన్ లో అందరికన్నా ఎక్కువ రన్నులు విదర్భ ఆటగాడు యశ్ రాథోడ్ వి, 960. తర్వాత మధ్యప్రదేశ్ శుభమ్ శర్మ 943. ఆ తర్వాత తన్మయ్ 934. మధ్యప్రదేశ్, హైదరాబాద్ రెండూ నాకౌట్ కు రాలేదు. మూడు మ్యాచ్ లు తక్కువ ఆడే జట్లలో ఉండి వీళ్లిద్దరూ రాథోడ్ ను తాకినంత దగ్గరికి పోయిండ్రు. మరి రాథోడ్ గొప్ప తగ్గిందా? తగ్గలేదు. సెమీఫైనల్ రెండో ఇన్నింగ్స్ లో, ముంబై మీద, విదర్భ నాలుగు వికెట్లు పోగొట్టుకుని కష్టంలో ఉన్నప్పుడు 151 కొట్టిండు. అది అదనంగా దొరికిన మ్యాచ్ లో తిన్న తేరగా తిండి కాదు, ఫైనల్ కు బాట వేసిన ఇన్నింగ్స్. అందుకే ముగ్గురూ మా జట్టులో ఉన్నరు.

తన్మయ్ కు జోడీగా జమ్మూ కశ్మీర్ శుభమ్ ఖజూరియా. టోటల్ చూస్తే ఇతని కన్నా పైన చాలా మంది ఉన్నరు. కానీ మహారాష్ట్ర మీద 255 కొట్టిండు. 2025 జనవరిలో ముంబై గ్రౌండ్ లో, రోహిత్ శర్మ, యశస్వి జైస్వాల్, రహానే, శ్రేయస్ అయ్యర్ లతో నిండిన ముంబైని జమ్మూ కశ్మీర్ ఐదు వికెట్లతో ఓడించిన మ్యాచ్ లో 53, 45 చేసిండు. ఆ పిచ్ మీద ముంబై మొదటి ఇన్నింగ్స్ 120కే ముగిసింది. అక్కడ కొట్టిన 53 ఇంకో చోట కొట్టిన 153తో సమానం.

మూడో నంబర్లో దానిష్ మలేవార్. సీజన్ లో 783 రన్నులు. కేరళ మీద ఫైనల్లో 153, 73. నాలుగో నంబర్లో కరుణ్ నాయర్, 863 రన్నులు. 2016లో చెన్నైలో ఇంగ్లండ్ మీద 303 కొట్టి, కొన్నాళ్లకే టెస్టు జట్టు నుంచి మాయమైన మనిషి. ఈ సీజన్ రన్నులే అతన్ని ఎనిమిదేండ్ల తర్వాత 2025 ఇంగ్లండ్ పర్యటనకు తీసుకుపోయినయి. ఐదులో శుభమ్ శర్మ, కెప్టెన్ కూడా అతనే. ఆరులో రాథోడ్.

కీపర్ దగ్గర లొల్లి తప్పదు. కప్పు గెలిచిన కెప్టెన్ అక్షయ్ వాడ్కర్ ను కాదని కేరళ మహమ్మద్ అజహరుద్దీన్ ను తీసుకున్నం. సెమీఫైనల్లో గుజరాత్ మీద అతను చేసిన 177 నాటౌట్ లేకపోతే కేరళ మొదటిసారి ఫైనల్ ముఖం చూసేదే కాదు. ఆ మ్యాచ్ లో కేరళ 457, గుజరాత్ 455. గుజరాత్ చివరి బ్యాట్స్ మన్ కొట్టిన బంతి షార్ట్ లెగ్ లో నిలబడ్డ సల్మాన్ నిజార్ హెల్మెట్ కు తగిలి స్లిప్ లో సచిన్ బేబీ చేతుల పడ్డది. రెండు రన్నుల ఆధిక్యం. క్వార్టర్ ఫైనల్లో జమ్మూ కశ్మీర్ మీద అయితే ఒక్క రన్నే. ఒక్క రన్ను మీద ఒక రాష్ట్రం క్రికెట్ చరిత్ర మారిన సీజన్ లో, టోటల్ చూసి జట్టు కట్టడం ఏం న్యాయం?

బౌలింగ్ లో హర్ష్ దూబే పేరు మీద వాదనే లేదు. 69 వికెట్లు. రంజీ ఒక్క సీజన్ లో ఇంతమందిని ఎవరూ ఔట్ చేయలేదు. అంతకు ముందు రికార్డు 68, బీహార్ అశుతోష్ అమన్ ది, 2018-19 ప్లేట్ లో వచ్చింది. తేడా ఒక్క వికెట్టే అనిపిస్తుంది. దూబే తీసింది ఎలైట్ లో, నాకౌట్ లలో. దానికి తోడు బ్యాట్ తో 476 రన్నులు. కొత్త బంతి జమ్మూ కశ్మీర్ ఆకిబ్ నబీకి, 44 వికెట్లు. స్పిన్నర్లకు ఊతమిచ్చే ఈ దేశంలో ఒక ఫాస్ట్ బౌలర్ ఇన్ని తీయడం ఆషామాషీ కాదు. ఓడిన క్వార్టర్ ఫైనల్లో కూడా కేరళ మొదటి ఇన్నింగ్స్ లో ఆరు వికెట్లు అతనివే.

ఇక రెండు సీట్లు, ముగ్గురు మనుషులు. శార్దూల్ ఠాకూర్, జలజ్ సక్సేనా, అన్షుల్ కాంబోజ్. పేరున్నోడని శార్దూల్ ను నెత్తికెత్తుకోవద్దు, పేరున్నోడని పక్కకూ పెట్టొద్దు. 505 రన్నులు, 35 వికెట్లు. జమ్మూ కశ్మీర్ మీద తోటి స్టార్లందరూ చేతులెత్తేసినప్పుడు 51, 119 చేసిండు. ఒక సీటు అతనిది. కాంబోజ్ 2024 నవంబర్ లో లాహ్లీలో కేరళ మీద 49 రన్నులిచ్చి పదికి పది వికెట్లు తీసిండు. రంజీలో అది మూడోసారే. మరుసటి జులైలో మాంచెస్టర్ లో టెస్టు కూడా ఆడిండు. అయినా మాకు రెండో స్పిన్నర్ కావాలె. రంజీలో 6000 రన్నులు, 400 వికెట్లు రెండూ దాటిన మొదటి మనిషి జలజ్ సక్సేనా. ఇండియా టోపీ మాత్రం పెట్టుకోలేదు. అతన్ని జాలితో తీసుకోవడం లేదు. సెమీఫైనల్లో కొండలా పెరుగుతున్న గుజరాత్ స్కోరును ఆపిన నాలుగు వికెట్ల కోసం తీసుకుంటున్నం. కాంబోజ్ పన్నెండోవాడు.

ఇదీ మా జట్టు: తన్మయ్ అగర్వాల్, శుభమ్ ఖజూరియా, దానిష్ మలేవార్, కరుణ్ నాయర్, శుభమ్ శర్మ, యశ్ రాథోడ్, మహమ్మద్ అజహరుద్దీన్, శార్దూల్ ఠాకూర్, హర్ష్ దూబే, జలజ్ సక్సేనా, ఆకిబ్ నబీ. విదర్భ నుంచి నలుగురు, కేరళ, జమ్మూ కశ్మీర్ ల నుంచి ఇద్దరేసి. 42 సార్లు రంజీ గెలిచిన ముంబై నుంచి ఒక్కడే.

కాగితం మీద జట్టు కడితే ఏమొస్తది అని అడిగేవాళ్లుంటరు. 2025 జనవరి చివర్లో ఢిల్లీలో కోహ్లీ రంజీ ఆడితే జనం వేలల్లో వచ్చిండ్రు. ఆరు రన్నులకు అతను ఔట్ కాంగనే లేచిపోయిండ్రు. మిగిలిన ఇరవై ఒక్క మంది ఆడుతూనే ఉన్నరు. వాళ్లను చూసే కెమెరా లేదు, రాసే కలం తక్కువ. నాలుగు రోజుల ఆటను నమ్ముకున్నవానికి ఐపీఎల్ కాంట్రాక్టు లేకపోతే మ్యాచ్ ఫీజే బతుకుదెరువు. సీజన్ చివర అచ్చయ్యే పదకొండు పేర్లు వానికి చేతికందే ఒకే ఒక్క సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్ ను కూడికలు, తీసివేతలతో ముగించేస్తే అన్యాయం చేసినట్టే. రేపు నల్లగొండ నుంచో ఆదిలాబాద్ నుంచో ఒక పిల్లగాడు హైదరాబాద్ జట్టులోకి వచ్చి, పచ్చని పిచ్ మీద ఓడే మ్యాచ్ లో అరవై కొడితే, ఆ అరవైని అరవైగానే రాసి ఊరుకుందమా?

మా పేర్లతో మీకు పేచీ ఉంటే మీ జట్టు మీరు కట్టండి. కానీ ప్రతి పేరు పక్కన 'ఎవరి మీద, ఎక్కడ, ఎప్పుడు' అన్న మూడు గడులు గీసి, అవి నింపినంకనే పేరు రాయండి.