గీత చెదిరితే తప్పెవరిది?

ఇంజనీరుకు రెండు భాషలు. ఒకటి నోటితో మాట్లాడేది, రెండోది గీతలతో మాట్లాడేది. మొదటిదానిలో తడబడితే లోకం మన్నిస్తుంది. రెండోదానిలో తడబడితే గోడ పక్కకు లేస్తుంది. అటువంటి గీతకు నేడు మన కళాశాలల్లో దక్కుతున్న మర్యాద ఏపాటిది? ఏ విభాగం లైబ్రరీకైనా వెళ్ళి ప్రాజెక్టు రిపోర్టులు నాలుగు తిరగేయండి. అట్ట మీద బంగారు అక్షరాలు, లోపల డ్రాయింగు మాత్రం వానకు తడిసిన ముగ్గు! అంకెలు అలుక్కుపోయి ఉంటాయి. అడిగితే, "ప్రింటు సరిగా రాలేదండీ" అని ఒకటే జవాబు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు లేదూ?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చాలాసార్లు డ్రాయింగు ప్రింటరు దగ్గర చెడదు. అక్కడికి చేరకముందే మన చేతుల్లో చెడుతుంది.

ఆటోకాడ్ వంటి సాఫ్ట్‌వేరు గీతను గీతగానే దాచుకుంటుంది. మొదలు ఇక్కడ, చివర అక్కడ, మందం ఇంత, అంతే. ఎంత పెద్దది చేసినా అది చెదరదు. వెక్టరు అంటే ఇదే. స్క్రీన్‌షాటు తీసిన మరుక్షణం అది ఉత్త చుక్కల బొమ్మ అయిపోతుంది. లెక్క చూడండి. 1920 చుక్కల వెడల్పున్న తెరను ఏ4 కాగితం మీద 297 మిల్లీమీటర్ల పొడవునా పరిస్తే అంగుళానికి వచ్చేవి 164 చుక్కలే. ఫోటోకే 300 అడుగుతారు. సన్నని గీతకూ, చిన్న అంకెకూ 600 అయినా ఉండాలి. తర్వాత ఫోటోషాపులో 600 అని అంకె మార్చితే పోయిన గీత తిరిగి వస్తుందా? నీళ్ళు కలిపితే పాలు పెరిగినట్టేనా?

ఆపైన జేపెగ్ ఒకటి. అది ఫోటోల కోసం పుట్టిన పద్ధతి. బొమ్మను 8×8 చుక్కల గళ్ళుగా విడగొట్టి, కంటికి అంతగా ఆనని వివరాన్ని వదిలేస్తుంది. మనిషి ముఖానికీ మబ్బుకూ అది చాలు. తెల్లకాగితం మీది నల్లగీతకు మాత్రం అంచున మసి పడుతుంది. దాన్ని ఫోనులో ఫోటోగా పంపితే ఇంకోసారి నలుగుతుంది.

ఏ1 షీటును ఏ4కు కుదిస్తే 2.5 మిల్లీమీటర్ల అక్షరం 0.9 మిల్లీమీటరుకు దిగుతుంది. నల్లని తెర మీద మెరిసే పసుపుగీత తెల్లకాగితం మీద కనిపించదు. ఎస్.పి. 46 అని 1988లో భారత ప్రమాణాల సంస్థ విద్యాలయాల కోసమే డ్రాయింగు నియమాలు వెలువరించింది. గీత మందం, అక్షరం ఎత్తు మొదటి సంవత్సరంలో వల్లించి మార్కులు తెచ్చుకుంటాం. చివరి సంవత్సరానికి మరచిపోతాం! వెనుకటి డ్రాఫ్ట్స్‌మన్ ట్రేసింగు కాగితం మీద ఇంకుతో గీసేటప్పుడే అమ్మోనియా ప్రింటులో ఏది నిలుస్తుందో ఆలోచించేవాడు. సాధనాలు పెరిగిన మనకు ఆ ఆలోచనే కరువైంది.

"మార్కులు థియరీకి గదా, బొమ్మ ఎలా ఉంటేనేం?" అనే మిత్రులున్నారు. డ్రాయింగును చివరకు చదివేది మాస్టారు కాదు, సైటులో మేస్త్రీ. బీములో రింగుల దూరం 150 అని మనం వేస్తే, మసకలో అది అతనికి 180గా కనిపిస్తే? కోతబలాన్ని తట్టుకోవలసిన రింగులు పలచబడతాయి. ఆ ఇంట్లో కాపురం ఉండేవాళ్ళకు మన జేపెగ్ సంగతి తెలియదు.

చేయవలసింది పెద్ద పనేం కాదు. డ్రాయింగును ప్లాట్ ఆజ్ఞతో నేరుగా వెక్టరు పిడిఎఫ్‌గా తీయాలి. రంగులన్నీ నలుపుకు మార్చాలి. గీతల మందం, అక్షరాల ఎత్తు చివరి కాగితం సైజుకు సరిపోవాలి. బొమ్మగానే ఇవ్వవలసి వస్తే అచ్చయ్యే సైజుకు 600 చొప్పున పీఎన్‌జీ తీయాలి. వర్డులో పెట్టేటప్పుడు బొమ్మలను కుదించే సెట్టింగు ఆపాలి. ఫోనులో పంపితే ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపాలి. ప్రింటు తీసేచోట "ఫిట్" అని కాక అసలు సైజు అని చెప్పాలి. లేకుంటే స్కేలు మారుతుంది. ఎందుకైనా మంచిది, డ్రాయింగు మీదే స్కేలు పట్టీ గీయాలి. ఫైలు బరువెక్కుతుందని భయం వద్దు. ఉత్త గీతల పిడిఎఫ్ చాలాసార్లు బొమ్మకంటే తేలికే.

అయితే భారమంతా విద్యార్థి నెత్తిన వేయడం న్యాయం కాదు. చదవడానికి వీల్లేని అంకె ఒక్కటున్నా రిపోర్టును తిప్పి పంపాలని అధ్యాపకులకు మనవి. అయితే అట్ట కట్టకముందే పంపాలి, కట్టాక పంపితే విద్యార్థికి మళ్ళీ ఖర్చు. విభాగంలో ప్లాటరు ఉన్నచోట దానికి తాళం వేయకుండా, తక్కువ రుసుముకు విద్యార్థులకు అందుబాటులో ఉంచాలి. హాస్టలు భోజనం, బస్సు పాసుల కోసం కొట్లాడే మన సంఘం ఈ కోరికను కూడా జాబితాలో చేర్చాలి.

రేపు మన సంతకం కింద డ్రాయింగులు బయటికి వెళ్తాయి. సంతకం ఒక్కటే స్పష్టంగా ఉండి, దాని పైనున్న గీత అలుక్కుపోతే అది ఎవరికి గౌరవం?