ఎత్తు మడిలో ఎవరి వేళ్లు?



చెరువు మట్టి, పశువుల ఎరువు నింపి ఎత్తుగా మడి కట్టుకొని, మొదటి ఏడు బుట్టలకొద్దీ తోటకూర కోసుకున్న ఇళ్లలోనే రెండు మూడేళ్లకు మొక్కలు గిడసబారిపోవడము చూస్తున్నాము. పొద్దున నీళ్లు పోస్తే మధ్యాహ్నానికే మడి ఎండిపోతుంది. అది తెగులని మందు కొనే ముందు ఒకసారి పలుగుతో మడి అడుగు తవ్వి చూడండి. జడలా అల్లుకున్న వేళ్లు కనబడితే అవి మీ బెండవి, వంగవి కావు. పక్కనున్న వేపవో, కంచెలోని గోరింటవో అయివుంటాయి.

చెట్టు వేళ్లన్నీ నిలువుగా లోతుకే దిగుతాయని మనవారి తలంపు. నిజానికి నీరు, ఎరువు పీల్చే సన్నవేళ్లలో ఎక్కువ భాగము పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. కొమ్మల అంచు దాటి ఎంతో దూరము పాకుతాయి. చుట్టూ నేల ఎండి ఉండగా మనము రోజూ తడిపే మడి వాటికి పెళ్లి భోజనమే. మడిలోని వేళ్లను మాత్రము కోసి ఊరుకుంటే, తెగిన చోటనే మరిన్ని పుట్టుకొస్తాయి. అడుగున గోనెపట్టా పరిచినా లాభము లేదు, అది త్వరలోనే చివికిపోతుంది. ప్లాస్టిక్ పట్టా పరిస్తే నీరు నిలిచి మొక్కలే కుళ్లుతాయి.

చేయవలసినది, చెట్టుకు మడికి నడుమ, మడికి అడుగు దూరములో, రెండడుగుల లోతు కాలువ తీయడము. అడ్డొచ్చిన సన్నవేళ్లను కోసి, పాత రేకును నిలబెట్టి, దాని అంచు నేలపైకి రెండంగుళాలు కనబడేలా మట్టి పూడ్చండి. ఏడాదికొకసారి రేకు పక్కన తవ్వి చూసుకోవాలి, వేళ్లు కిందనుండి దూరి వస్తాయి.

అయితే మాను మొదలు దగ్గర తవ్వకూడదు. మణికట్టంత లావు వేరును ముట్టకూడదు, చెట్టును నిలబెట్టేది అదే. 2014లో హుద్‌హుద్ తుఫాను విశాఖలో ఎన్ని చెట్లను పెకలించిందో మరువలేము. వేరు తెగిన చెట్టు మీ ఇంటి కప్పు మీదే పడవచ్చు.

మా మట్టుకు మాకు నచ్చినది ఇంకొకటి. ఇటుకల వరుసల మీద కడప బండలు పరిచి, బండకు బండకు వేలెడు సందు విడిచి, దానిపై మడి కట్టండి. నేలకు మడికి జానెడు ఖాళీ ఉంటే వేరు గాలిలో ఎక్కిరాలేదు. చిల్లుల డ్రమ్ములైనా సరే, ఇటుకల మీదే పెట్టాలి. నేల మీద పెడితే చిల్లులలోనుండే వేళ్లు దూరుతాయి.

చెట్టు పక్కింటివారిదైతే? రాత్రివేళ ఉప్పో, ఆసిడో పోసేవారున్నారు. దానితో మీ మట్టి కూడ చెడుతుంది, మాటలూ ఆగిపోతాయి. “వదినగారూ, మా గట్టు వైపు వేళ్లు తీసుకుంటాము” అని ముందే అడగండి. చాలామంది కాదనరు.

కంచెలో సర్కారు తుమ్మ ఉంటే మాత్రము జాలి వద్దు. 1877లో కడప జిల్లా కమలాపురం వైపు నాటిన ఈ చెట్టు ఇప్పుడు లేని ఊరు లేదు. నేలమట్టానికి నరికితే మరల గుబురుగా చిగురిస్తుంది. అడుగు లోతు తవ్వి మొదలుతో సహా పెకలించాలి. తొలకరి పడి నేల మెత్తబడ్డాక ఆ పని పెట్టుకుంటే పలుగు సులువుగా దిగుతుంది.