ఏడాది మాగిన చీజ్

గత వేసవిలో లెస్టర్‌లోని మా అబ్బాయి ఇంట కొన్ని వారాలు గడిపాము. ఒక సాయంత్రం వాడు ఫ్రిజ్‌లోనుండి మెచ్యూర్ చెడ్డార్ చీజ్ ముక్క తీసి బల్లపై పెట్టాడు. దానిపై తెల్లని నలుసులున్నాయి. "పేరులోనే చెడ్డ ఉంది, పైగా బూజు పట్టింది" అన్నారు మావారు. అది బూజు కాదు. బూజయితే మెత్తగా, నూగులా ఉంటుంది. చీజ్ మాగే కొద్దీ పైకి తేలే కాల్షియం లాక్టేట్ పలుకులవి.

నా సందేహం వేరు. "బాబూ, ఇది హలాలేనా?" అని అడిగాను. నాలుగేళ్లుగా తింటున్నాడట, ఒక్కసారీ కవరు తిప్పి చూడలేదట!

చెడ్డార్ ఇంగ్లండులోని సోమర్‌సెట్ ప్రాంతపు గ్రామం పేరు. పాలను రెన్నెట్‌తో విరిచి, ఆ గడ్డను పలకలుగా కోసి, ఒకదానిపై ఒకటి పేర్చి, పలుమార్లు తిరగవేసి నీటిని పిండుతారు. ఆపై తురిమి, ఉప్పు కలిపి, అచ్చులో బిగించి నెలల తరబడి మాగనిస్తారు. (మన జున్నుకు దీనితో పోలిక లేదు, అది ముర్రుపాలతో చేసేది.) సంప్రదాయ రెన్నెట్ దూడ పొట్టనుండి తీసినది. జబీహా కాని దూడ రెన్నెట్ విషయంలో ధర్మవేత్తల మధ్య పూర్వంనుండీ భేదాభిప్రాయముంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) అది పరిశుద్ధమేనన్నారు, షాఫయీ పండితులు కాదన్నారు. అయితే దైవప్రవక్త (స) తబూక్‌లో చీజ్ తెచ్చినప్పుడు కత్తి తెప్పించి, అల్లాహ్ నామం స్మరించి కోశారని అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. కనుక చీజ్ అనగానే బెదరనక్కరలేదు, విచారిస్తే చాలు.

మా వాడి కవరుపై 'సూటబుల్ ఫర్ వెజిటేరియన్స్' అని ఉంది. అంటే రెన్నెట్ పశువుది కాదు. ప్రాణం కుదుటపడింది. కాని ఆ మాట ఒక్కటే మనకు చాలదు. బీరు, విస్కీ కలిపిన చెడ్డార్లు కూడా ఉన్నాయి, శాకాహార ముద్ర వాటిని ఆపదు. పదార్థాల జాబితా చదవాలి. మరునాడు సంతలో గుడ్డ చుట్టిన పాతకాలపు చీజ్ చూశాము. చూడముచ్చటగా ఉంది. అడిగితే, దూడ రెన్నెట్ వాడామనీ, గుడ్డ అంటుకోవడానికి పంది కొవ్వు పూశామనీ అమ్మకందారు దాపరికం లేకుండా చెప్పాడు. ధన్యవాదాలు చెప్పి వచ్చేశాము. మన దేశంలో చీజ్‌కు పశువు రెన్నెట్ వాడరాదని నిబంధన ఉన్నందున ఇక్కడి ప్యాకెట్లతో ఈ చిక్కు తక్కువ.

ఇక రుచి. ఫ్రిజ్‌లోనుండి తీసిన వెంటనే తింటే సగం రుచి తెలియదు. అక్కడ అరగంట బయట ఉంచేవాళ్లం, మన ఎండల్లో పది నిమిషాలు చాలు, లేకుంటే నూనె కారుతుంది. పలుచగా కోసి, ఆపిల్ ముక్కతో నమలండి. పులుపు, ఉప్పదనం, చివరన కాస్త ఘాటు వరుసగా తెలుస్తాయి. ఖర్జూరంతోనూ బాగుంటుంది. మాగే క్రమంలో లాక్టోస్ దాదాపు పోతుంది గనుక పాలు పడనివారిలో చాలామందికి ఇది పడుతుంది. అయితే 100 గ్రాములలో సుమారు 1.8 గ్రాముల ఉప్పు, మూడో వంతు కొవ్వు ఉంటాయి. రక్తపోటు ఉన్నవారు అగ్గిపెట్టెడు ముక్కతో ఆగాలి. మిగిలినది బటర్ పేపరులో చుట్టి డబ్బాలో ఉంచండి. ఎండిన అంచులను తురిమి ఆమ్లెట్‌లో వేస్తే, పేరు సంగతి మావారు మళ్లీ ఎత్తలేదు.