బొడ్డుతాడు రక్తము – కోల్డు స్టోరేజి

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలకు పలికిన ధర రైతు ఇల్లు చేరకముందే దానిపై కన్నువేయువారు పెక్కురు. విత్తనముల అప్పు, పురుగుమందుల అప్పు చాలవన్నట్లు, నేడు పుట్టబోవు బిడ్డ పేరిట మరియొక ఖర్చు వచ్చినది. బొడ్డుతాడు రక్తమును అతిశీతలమున దాచినచో, అందలి మూలకణములు బిడ్డకు జీవితాంతము రక్షయని ప్రైవేటు బ్యాంకుల ప్రచారము. మిర్చి రైతుకు కోల్డు స్టోరేజి క్రొత్త కాదు. మంచి రోజు వచ్చువరకు సరకు దాచుట ఎరిగినవాడే. కనుకనే ఈ మాట సులభముగా తలకెక్కును.

కాని పోలిక అంతటితో సరి. తలసేమియా వంటి జన్యుదోషముతో పుట్టిన బిడ్డకు తన రక్తమే మందు కానేరదు; దాచిన కణములందును ఆ దోషమే యుండును. సరిపడు కణములు ఆరోగ్యవంతులైన తోబుట్టువులనుండియో, పరులనుండియో రావలెను. భవిష్యత్తున స్వంత ఉపయోగమునకై ఈ రక్తమును దాచుటకు శాస్త్రీయాధారము లేదని భారత వైద్య పరిశోధనా మండలి 2017 నాటి మార్గదర్శకములలో స్పష్టపరచినది. ఇంట అట్టి రోగి యున్నప్పుడు తోబుట్టువుకై దాచుట వేరు సంగతి.

పిండమునుండి మూలకణములు తీయుట ధర్మమా యని ప్రపంచమున పండితులు వాదించుకొనుచున్నారు. ఈ మైదానమున ధర్మప్రశ్న ఇంకొకటి: కాన్పు భయముతో నున్న తల్లికి ఈ సంగతులు చెప్పువారెవరు? సంతకము కొరకు వచ్చినవాడు చెప్పునని ఆశించుట అమాయకత్వము. కణవిభజన పాఠము చెప్పు హైస్కూలు ఉపాధ్యాయుడు మరి పావుగంట వెచ్చించి చెప్పవచ్చును. విన్న బాలిక ఇంటికి పోయి అక్కకో, వదినకో చెప్పును.