మా చేలగట్టు కూరలూ, ఆసియా వంటలూ

ఏ ఋతువులో పండినవి ఆ ఋతువులోనే వండుకోవాలనే మాట ఈమధ్య అన్నిచోట్లా వినిపిస్తోంది. మంచి మాటే. కాని అనంతపురంలో కూర్చుని ఈ మాట వినేవాళ్ళకు మొదట కలిగే సందేహం, ఏ ఋతువు అని. పంచాంగంలోని ఆరు ఋతువులూ మా మీదుగానే వెళ్తాయి గాని మా కూరలబుట్ట నింపే బాధ్యత వాటిలో ఏదీ తీసుకోదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే పీఠభూమి ఇది. నైరుతి మేఘం పడమటి కనుమల అవతలే బరువు దించుకొని వస్తుంది. ఈశాన్య మేఘం బంగాళాఖాతం నుంచి ఇంత దూరం వచ్చేసరికి అలసిపోతుంది. కనుక ఇక్కడ ఉన్నవి రెండే ఋతువులు: వాన పడిన తర్వాతి కొన్ని వారాలు, వాన కోసం ఎదురుచూసే మిగతా నెలలు. మొదటిదాన్ని రైతు అదను అంటాడు. వంటింటికీ అదే అదను.

సరే, విషయానికి వస్తాను. ఇప్పుడు మన ఇళ్ళలో జరిగే వంటప్రయోగాల్లో తూర్పు ఆసియా, ఆగ్నేయాసియా వంటలదే పెద్దపీట. కొరియా ధారావాహికలు చూసి పిల్లలు అడుగుతారు, థాయిలాండు వెళ్ళివచ్చిన స్నేహితులు ఊరిస్తారు. నాకూ ఆ వంటలంటే ఇష్టమే, తరచుగా వండుతాను కూడా. నా ఫిర్యాదల్లా ఒక్కటే. మనం ఆ వంటల నుంచి తెచ్చుకుంటున్నది సరుకుల పట్టీని, పద్ధతిని కాదు. బ్రోకలీ, ఎర్ర పసుపు కాప్సికములు, బేబీకార్ను, డబ్బాలో పుట్టగొడుగులు... ఇవన్నీ బెంగళూరు నుంచి బస్సెక్కి దిగితే తప్ప ‘ఆసియా వంట’ కుదరదని స్థిరపడిపోయాము. ఆ దేశాల మామూలు ఇళ్ళలో వండేవాళ్ళు ఇలా చేయరు. వాళ్ళు వాకిట్లో, గట్టుమీద, సంతలో ఆ పూట దొరికిన ఆకో పువ్వో కాయో తెచ్చి, తమకు తెలిసిన నాలుగైదు పద్ధతుల్లో ఒకదానిలో పెడతారు. చిత్రమేమంటే వాళ్ళ గట్టుమీద దొరికే మొక్కల్లో చాలాభాగం మా గట్టుమీదా ఉన్నాయి.

గంగపాయల కూర సంగతి చూడండి (గంగవాయిలి అన్నా, పావిలికూర అన్నా ఇదే). తొలకరి పడిన రెండు మూడు వారాలకు వేరుశనగ సాళ్ళ మధ్య నేలను కరచుకొని పాకుతుంది. మాకు ఇది కలుపు. కొరియావాళ్ళకు ఇది నాముల్ అనే వంటకానికి పనికివచ్చే కూర. అక్కడి పద్ధతి ఇలా ఉంటుంది: లేతకొసలు తుంచి, మరిగే ఉప్పునీళ్ళలో ఒక్క నిమిషం వేసి తీసి, చన్నీళ్ళలో ముంచి, గట్టిగా పిండి, దంచిన వెల్లుల్లి, వేయించిన నువ్వులు, నువ్వులనూనె, సోయా రసం కలపాలి. చన్నీళ్ళలో ముంచడం దగ్గర నేను ఆగిపోయాను. ఇన్ని ఆకుల కోసం అన్ని నీళ్ళా! వెడల్పాటి పళ్ళెంలో పరిచి విసనకర్రతో నాలుగుసార్లు విసిరితే అంతే పని జరుగుతుంది. సోయా రసం కూడా మానేసి ఉప్పు వేశాను. వాళ్ళది వేయించిన నువ్వులనుంచి తీసిన నూనె, మన గానుగనూనె అంత ఘాటుగా ఉండదు. కాబట్టి నువ్వులు కాస్త ఎక్కువ వేయించి దంచాలి. దీన్ని జొన్నరొట్టెలో చుట్టుకొని తింటే, పప్పులో వేసినప్పుడు కనపడకుండా పోయే ఆ ఆకు సహజమైన పులుపు మొదటిసారి నాలుకకు తెలిసింది. తోటకూరకూ ఇదే వరుస సరిపోతుంది. కొరియాలో తోటకూరతోనూ నాముల్ చేస్తారు.

అవిశపూలది ఇంకా మంచి కథ. అవిశను మనవైపు తమలపాకు తోటల్లో తీగకు ఊతగా, నీడగా పెంచుతారు. గోశాలకు, ఏకాదశి ఉపవాసం మర్నాటి విస్తరికి దాని ఆకు పనికివస్తుంది. పువ్వును పట్టించుకున్నవారు తక్కువ. జావాలో పెచెల్ అనే వంటకం ఉంది. ఉడికించిన ఆకుకూరలు, బొబ్బర్లజాతి పొడుగుచిక్కుళ్ళు, మొలకలు, అవిశపూలు పళ్ళెంలో పేర్చి పైన వేరుశనగ పచ్చడి పోస్తారు. ఆ పచ్చడిలో వేయించిన వేరుశనగలు, మిరపకాయలు, చింతపండు, తాటిబెల్లం, వెల్లుల్లి, సువాసనకు అల్లంజాతి దుంప ఒకటి, నారింజజాతి ఆకు ఒకటి పడతాయి. చివరి రెండూ తీసేసి చూడండి, రోట్లో మిగిలేది మన శనక్కాయల ఊరిబిండే. దక్షిణ అమెరికాలో పుట్టి, ఐరోపా ఓడలెక్కి ఆసియాకు వచ్చిన ఒక గింజను రెండు దూరపు ఊళ్ళవాళ్ళు ఒకరినొకరు అడక్కుండా ఒకే విధంగా నూరుకున్నారు! పూలలోని కేసరం తీసేయాలి, లేకుంటే చేదు. గోరుచిక్కుడు (మటిక్కాయ) ముక్కలు పొడుగుచిక్కుళ్ళకు బదులు వేశాను. అవి కాస్త వగరు, అయినా ఆ పచ్చడి ముందు ఏ వగరూ నిలవదు. వాన మొహం చాటేసిన ఏడాది కూడా గోరుచిక్కుడు కాస్తుందన్నది మరో సౌకర్యం.

చలికాలానికి వస్తే కందికాయలు, అనపకాయలు. పచ్చి కందికాయల్ని తొక్కతోపాటే ఉప్పునీళ్ళలో ఉడికించి, చుట్టూ కూర్చొని వలుచుకు తినడం మాకు సంక్రాంతి ముందరి సాయంకాలపు కాలక్షేపం. ఇదే పని లేత సోయాకాయలతో చేస్తే జపానులో ఎదమామె అంటారు. నగరాల్లో గడ్డకట్టించిన ఎదమామెను పొట్లాల్లో అమ్ముతారని విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. కొనేవాళ్ళను చూసి కాదు, వాళ్ళ ఊరిచేలో అప్పుడే కంది కాతకొచ్చి ఉంటుందని గుర్తొచ్చి. అనపగింజలు నానబెట్టి పొట్టులోంచి పితికి తీసే పితికిపప్పును నేను సన్నని మంటమీద ఎండుకొబ్బరి, అల్లంతో వండి, కొర్రన్నంలో కలిపి వేయించాను. వీధి బండిమీది ఫ్రైడ్‌రైసుకు ఇది దీటుగా నిలిచిందని ఇంట్లోవారి తీర్పు. అన్నట్టు, కొర్ర చైనాకు పరాయిది కాదు. ఉత్తర చైనాలో వరి కంటే ముందు నుంచీ అన్నం పెట్టిన ధాన్యం అది. అక్కడి లాజియా అనే చోట తవ్వకాల్లో దొరికిన సుమారు 4,000 ఏళ్ళనాటి సేమియావంటి తీగలు కొర్ర, వరిగలతో చేసినవని 2005లో ప్రకటించారు. (కొర్రపిండితో అంత పొడుగు తీగ లాగడం సాధ్యమా అని తర్వాత కొందరు శాస్త్రజ్ఞులు వాదించారు. మన ఇళ్ళలో కొర్రపిండి పిసికినవాళ్ళెవరికైనా ఆ అనుమానం న్యాయమే అనిపిస్తుంది.)

ఎండాకాలంలో గట్టు ఎండిపోతుంది. అప్పుడు చెట్టే దిక్కు. చింతచిగురు, మునగాకు. చింతచిగురు వేసి మాంసం వండడం మనకు కొత్త కాదు. ఫిలిప్పీన్సులో లేత చింతాకు వేసి కోడిపులుసు కాస్తారు, దాని పేరు సినంపలుకాన్. చింతకు వాళ్ళ మాట సంపలోక్, అందులోంచి వచ్చిన పేరు. వాళ్ళే అల్లం వేసిన కోడిచారులో మునగాకు వేస్తారు. ఈ రెండో చారు మాత్రం మనవాళ్ళు తప్పక నేర్చుకోదగింది. మునగాకు పొడులుగా, మాత్రలుగా మారుతున్న కాలంలో దాన్ని వేడివేడి చారులో ఆఖరి నిమిషాన చల్లి తాగడంలోని సుఖం వేరు. చిగురు కూడా లేని రోజులకు ఒరుగులున్నాయి. ఎండబెట్టిన గోరుచిక్కుడు, బుడమకాయ ముక్కలు. కొరియాలోనూ వానాకాలపు కూరలు ఎండబెట్టి దాచి, చాంద్రమాన సంవత్సరపు తొలి పున్నమినాడు నానబెట్టి వండుకుంటారు. మంచు భయంతో వాళ్ళు, ఎండ భయంతో మనం!

ఇంతవరకూ చదివినవారికి ఇదంతా తీరుబడి ఉన్నవాళ్ళ సరదా అనిపించవచ్చు. కొంతవరకు నిజమే. అయితే దీని వెనుక నన్ను కలతపెట్టే విషయం ఒకటుంది.

ఈ ఆకుల్ని ఇంటికి తెచ్చింది ఎవరు? కలుపు తీయడానికి వెళ్ళిన ఆడవాళ్ళు. పొద్దంతా వంగి పీకిన కలుపులోంచి చెంచలాకు, గురుగాకు, గంగపాయల వేరుచేసి, ఒడి నింపుకొని వచ్చి, పుల్లగూర ఎనిపి సంగటిలోకి పెట్టారు. ఏది తినదగ్గది, ఏది కాదు, ఏది పూతకు రాకముందే కోయాలి అన్న జ్ఞానం అంతా ఆ ఒడిలోనే ఉంది. ఏ పుస్తకంలోనూ అంత వివరంగా లేదు. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తగ్గించిన పథకాన్ని నేను తప్పుపట్టను. కాని సంగటి పక్కకు జరిగితే దానికి జతైన పుల్లగూర కూడా జరుగుతుంది కదా. 1986లో నూనెగింజల సాంకేతిక మిషన్ మొదలైంది. జిల్లా అంతా వేరుశనగ పరుచుకుంది. ఒకప్పుడు ఒకే చేలో జొన్న, కంది, అలసంద, అనుము, ఆముదం సాళ్ళుగా ఉండేవి. ఒకటి పోతే ఒకటి మిగిలేది, వంటింటికి ఏదో ఒకటి వచ్చేది. ఇప్పుడు ఒకే పంట, ఒకే పందెం. కూలీలు దొరకక, దొరికినా గిట్టక, రైతు కలుపుమందు కొడుతున్నాడు. అతన్ని నిందించి లాభం లేదు. మందు కొట్టిన చేలో ఒడి నింపుకొనే పని మాత్రం ఉండదు.

చిరుధాన్యాలకు ఏదో ఒక దారి దొరికింది. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ లాంటి సంస్థలు రైతుల్ని సంఘంగా చేర్చి కొర్రకు, సామకు అంగడి చూపించాయి. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమైంది. కొర్రను ఏడాది నిలవ చేయవచ్చు, సంచికెత్తి బెంగళూరు పంపవచ్చు, రంగుల పొట్లంలో పెట్టి ధర పెంచవచ్చు. గంగపాయలకు ఆ యోగం లేదు. పొద్దున కోస్తే సాయంత్రానికి వడలిపోతుంది. దాని అంగడి కోసిన చోటికి పది మైళ్ళలో ఉన్న వంటిళ్ళే. అందుచేత దాన్ని కాపాడడం ఏ సంస్థకూ, ఏ ఉత్సవానికీ సాధ్యపడని పని. పట్నంలో ఉన్నవాళ్ళం కావాలని అడిగితేనే ఎవరో ఒకరు చేలో ఒక మూల మందు కొట్టకుండా వదిలేస్తారు, ఒక ముసలామె గంపలో నాలుగు కట్టలు ఎక్కువ పెట్టుకు వస్తుంది. వంటప్రయోగాలకు నేను ఇంత ప్రాముఖ్యం ఇవ్వడానికి కారణం ఇదే.

మరి అడగడానికి అడ్డమేమిటి? సిగ్గు. ఈ ఆకులమీద కరువు ముద్ర ఉంది. ‘పెన్నేటి పాట’ చదివినవారికి ఈ నేలమీద ఆకలి ఎంత దగ్గరి బంధువో చెప్పనక్కరలేదు. గత్యంతరం లేక తిన్నదాన్ని, గతి కలిగాక ఎవరు తింటారు? టమాటా కిలో 100 రూపాయలు దాటిన 2023 జూలైలో కూడా, ఊరికే మొలిచిన చింతచిగురు వైపు చూడకుండా, పావుకిలో టమాటా బేరమాడినవాళ్ళను చూశాను. గంగపాయల పప్పును తాకని బంధువుల పిల్లవాడు ఒకడు దాన్నే నాముల్ అంటే రెండోసారి వడ్డించుకున్నాడు. ఇందులో సంతోషించాలో బాధపడాలో తేల్చుకోవడం కష్టం. పరాయి పేరు పెడితే గాని మన ఆకుకు మర్యాద రాదా అని మా పెద్దలొకరు కోప్పడ్డారు. ఆయన కోపంలో న్యాయముంది. అయినా నేను పిల్లవాడి పక్షమే. సిగ్గు పోవడానికి చుట్టుదారి తప్పకపోతే చుట్టుదారినే పోదాం. కాకపోతే వడ్డించేటప్పుడు రెండు పేర్లూ చెప్పాలి. నాముల్ అన్న నోటితోనే గంగపాయల అని కూడా అనాలి.

రెండు జాగ్రత్తలు. రోడ్డుపక్కనా, మందు కొట్టిన చేలలోనూ ఏదీ కోయకండి, తెలిసినవారు చూపకుండా కొత్త ఆకు ఏదీ తినకండి. గంగపాయల, తోటకూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ. మూత్రపిండాల్లో రాళ్ళున్నవారు వైద్యుణ్ణి అడిగి తినడం మేలు. ఉడికించిన నీళ్ళు పారబోస్తే అవి కొంత తగ్గుతాయి.

ఇక ఒక సాయం కావాలి. పొన్నగంటికూర శ్రీలంకలో ముకునువెన్న అన్న పేరుతో రోజువారీ కూర. సన్నగా తరిగి, పచ్చికొబ్బరి కలిపి, నీళ్ళు పోయకుండా పొయ్యిమీద రెండు నిమిషాలు ఉంచి దించేస్తారు. గురుగాకుతో ఇలా చేద్దామని ఉంది, అయితే అది ముదిరితే పీచు కడుతుంది, ఎన్ని ఆకుల వయసులో కోయాలో మావైపు ఇద్దరిని అడిగితే రెండు జవాబులు వచ్చాయి. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళెవరైనా వండి ఉంటే ఎప్పుడు కోసేవారో, మీ ఊళ్ళో దాన్నేమంటారో కనుక్కొని చెప్పండి.